ఉంగరం గీసేది కంప్యూటరైనా చెయ్యి కంసాలిదే కావాలి

నిడదవోలు: పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే ఉంగరాలకు గిరాకీ పెరుగుతుంది. ఒకప్పుడు అల్లుడికి అత్తవారు పెట్టే ఉంగరం, బిందెలో వేసి వధూవరుల చేత తీయించే ఉంగరం, అంతే. ఇప్పుడు నిశ్చయ తాంబూలాల నాడే ఇద్దరూ ఉంగరాలు మార్చుకోవడం పల్లెల్లో కూడా రివాజైంది. అవి కూడా దుకాణంలో వున్నవాటిలో ఏదో ఒకటి ఏరుకుంటే సరిపోవడం లేదు. లోపల పేర్లుండాలి, పైన వేలిముద్ర వుండాలి, రెండూ పక్కపక్కన పెడితే ఒకే బొమ్మ కావాలి. ఇలాంటి చుట్టుంగరాలు కుంపటి దగ్గర కాక, ముందు కంప్యూటరు తెర మీద తయారవుతున్నాయి.

రైనో, మ్యాట్రిక్స్‌గోల్డ్, జ్యువెల్‌క్యాడ్ వంటి ప్రోగ్రాములు ఇందుకు వున్నాయి. వేలి కొలత, పట్టీ వెడల్పు, మందం చెబితే ఉంగరం బొమ్మ తెర మీద నిలుస్తుంది. దాన్ని నాలుగు వైపులా తిప్పి చూసుకోవచ్చు. నచ్చిన తరువాత యంత్రం ఆ నమూనాను మైనం వంటి పదార్థంతో పొరపొరగా పోస్తుంది. ఆ నమూనాలను చెట్టుకొమ్మల్లా ఒక కాడకు అతికించి, చుట్టూ సుద్ద వంటి పిండి పోసి కొలిమిలో కాలుస్తారు. మైనం కరిగిపోయి ఖాళీ మిగులుతుంది. అందులో బంగారం పోస్తారు. మైనం పోసి విగ్రహాలు పోత పోయడం మన దేశానికి కొత్తేమీ కాదు. కొత్తదల్లా ఆ మైనాన్ని చేతితో కాక లెక్కతో మలచడమే.

ఈ లెక్కలోనే కొనుగోలుదారుకు ఒక మేలున్నది. లోపలి వ్యాసం 18 మిల్లీమీటర్లు, వెడల్పు 4, మందం 1.5 మిల్లీమీటర్లు వున్న సాదా ఉంగరం 22 క్యారెట్లలో సుమారు ఆరున్నర గ్రాములు తూగుతుంది. మందం 1.3కు తగ్గిస్తే ఐదున్నర గ్రాములకు కొంచెం పైన వుంటుంది. అంటే కంటికి ఆనని తేడాలో దాదాపు గ్రాము బంగారం మిగులుతుంది. పోత పోయకముందే ఈ బరువును తెర చెబుతుంది. మరి దుకాణంలో తరుగు మాట వచ్చినప్పుడు ఆ కాగితం ఎందుకు చూపరు? కాడలకు పోయిన బంగారం తిరిగి మూసలోకే చేరుతుంది. ఆకురాయి పొడిలో, మెరుగు పెట్టడంలో కొంత పోవడం నిజమే. దానికి న్యాయమైన తరుగు ఇవ్వవలసిందే. ఆపైన అడిగినప్పుడు లెక్క అడగడం రైతు హక్కు.

అయితే తెరకు తెలియనిది ఒకటున్నది. పార పట్టిన వేలికి కణుపు లావు, మొదలు సన్నం. కణుపు దాటిన ఉంగరం మొదట్లో గిరగిరా తిరుగుతుంది. మొదటికి సరిపెడితే కణుపు దాటదు. మన కొలతల్లో నెంబరుకూ నెంబరుకూ చుట్టుకొలతలో తేడా ఒక మిల్లీమీటరు మాత్రమే. పట్టీ వెడల్పయ్యే కొద్దీ బిగువు పెరుగుతుంది. పొద్దున్న వదులుగా వున్నది మధ్యాహ్నపు ఎండకు బిగుస్తుంది. చెయ్యి పట్టుకుని చూసిన కంసాలి ఇదంతా గ్రహించి లోపలి అంచు ఎంత గుండ్రం చేయాలో, ఎంత వదులు ఇవ్వాలో చెబుతాడు. సాదా ఉంగరమైతే తరువాత కోసి, టంకం పెట్టి సరిచేయవచ్చు. చుట్టూ పనితనమున్న పట్టీని కోస్తే బొమ్మ చెడుతుంది. కాబట్టి ఆ కంసాలి మాట పోత పోయకముందే పడాలి.

కాని జరుగుతున్నదేమిటి? బొమ్మ గీయడం, పోత పోయడం పెద్ద నగరాలకు పోతున్నాయి. ఊళ్ళో కంసాలికి చెవిపోగు అతకడం, గొలుసు కొక్కెం వేయడం, మెరుగు పెట్టడం మిగులుతున్నాయి. నిడదవోలు జంక్షనులో నరసాపురం బండి ఎక్కి నగలకు వెళ్ళేవారికి కూడా ఇంటి కంసాలి వుండేవాడు. ఇంటివాళ్ళు అడిగినట్టు ఉంగరం చేసి ఇవ్వడమే అతని వృత్తి. ఇప్పుడు అదే పనికి 'కస్టమ్' అని పేరుపెట్టి అదనపు మజూరీ వసూలు చేస్తుంటే, ఆ వృత్తి పుట్టి పెరిగిన ఇళ్ళలో పిల్లలు వేరే ఉద్యోగాలు వెతుక్కోవడం విచిత్రమే.

కంసాలి కుటుంబాలకు దెబ్బ తగలడం ఇది మొదటిసారి కాదు. 1963లో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చి, 14 క్యారెట్లకు మించి నగలు చేయరాదన్నప్పుడు దేశమంతటా కుంపట్లు చల్లారాయి. 1968 నాటి చట్టం రద్దు కావడానికి 1990 దాకా పట్టింది. అప్పుడు అడ్డుపడింది ప్రభుత్వం. ఇప్పుడు ఏ చట్టమూ అడ్డులేదు, చేతిలో పనిముట్టు లేదు, అంతే తేడా.

2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో స్వర్ణకార వృత్తి వున్నది. పనిముట్లకు 15 వేల రూపాయల వరకు సాయం, శిక్షణ రోజులకు 500 రూపాయల చొప్పున భత్యం, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తరువాత రెండు లక్షల రుణం అందులో వున్నాయి. మంచిదే. కాని 15 వేలతో సుత్తి, ఆకురాళ్ళు వస్తాయి గాని కంప్యూటరు, మైనం పోసే యంత్రం రావు. వారం రోజుల ప్రాథమిక శిక్షణలో తెర మీద గీత గీయడం అలవాటు కాదు. పదిమంది కంసాలులు కలిసి రుణం తీసుకుని ఒక యంత్రం పెట్టుకోవడమే సాధ్యమైన దారి. పట్టణంలోని కళాశాలల్లో కంప్యూటర్లు సాయంత్రాలు ఖాళీగా వుంటాయి. ఆ గంటల్లో కంసాలి పిల్లలకు నగల బొమ్మలు గీయడం నేర్పించే ఏర్పాటును అధికారులు, కళాశాలల పెద్దలు ఆలోచించడం వాంఛనీయం. దరఖాస్తు మొదటి పరిశీలన పల్లెల్లో పంచాయతీ, పట్టణాల్లో మునిసిపాలిటీ చేయాలి. ఆ కాగితాలు బల్ల మీద నిలవకుండా చూడాలి.

కొనేవారు కూడా కొంచెం జాగ్రత్తపడాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగ మీద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తింపు వుండాలి. బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో అది కొట్టి సరిచూసుకోవచ్చు. రెండు గ్రాముల లోపు నగలకు, ఏటా 40 లక్షల రూపాయల లోపు వ్యాపారం చేసే దుకాణాలకు మినహాయింపు వున్నది గనుక, అలాంటిచోట గీటురాయి మీద చూపించుకుని రసీదు తీసుకోవాలి. బొమ్మ ఖాయం చేసేటప్పుడు కొలత, మందం, బరువు రాసిన కాగితం మీద దుకాణందారు సంతకం కూడా అడిగి తీసుకోవాలి.