బొమ్మ తుపాకికి నారింజ మూతి

ఈ నెల మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మీతో పంచుకోవాలని ఉన్నది. ఇది మా అబ్బాయి చేసిన తప్పు కాదు, మేము చేసిన తప్పు.

మేము అమెరికాలో ఉంటున్నాము. మా అబ్బాయికి 11 ఏళ్లు. గత వేసవిలో ఒక స్నేహితుని పుట్టినరోజుకు పిల్లలందరూ స్టార్ వార్స్ సినిమా వేషాలతో రావాలనుకున్నారు. మావాడు హాన్ సోలో వేషం వేస్తానన్నాడు. చొక్కా, నల్ల కోటు ఇంట్లోనే దొరికాయి. తుపాకి దగ్గరే చిక్కు వచ్చింది. వాడి దగ్గర ఉన్నది స్పాంజి గుళ్లు పేల్చే నెర్ఫ్ బొమ్మ తుపాకి. పసుపు, నీలం రంగులతో మిఠాయి కొట్టులా ఉంటుంది. “సినిమాలో ఉన్నట్టు రంగు వేద్దాం డాడీ” అని వెంటపడ్డాడు.

అసలు బొమ్మ తుపాకి ఇంట్లో ఎందుకని మీలో కొందరు అడగవచ్చు. మేమూ ఆ చర్చ చేసుకున్నవాళ్లమే. అయితే వాడు తెర ముందు నుంచి లేచి, మాతో కలిసి చేతులతో ఏదైనా చేద్దామని అడగడం అరుదు. బెసలేలుకు చేతిపనుల నేర్పు దేవుడే ఇచ్చాడని నిర్గమకాండము 31వ అధ్యాయంలో చదువుతాము గదా. సరే అన్నాము.

ఆ పనికి మూడు శనివారాలు పట్టింది. మొదట మరలు విప్పి, లోపలి స్ప్రింగులు ఎక్కడివక్కడ ఫోటో తీసి ఉంచుకున్నాము. పై తొడుగులను సన్నని ఎమెరీ కాగితంతో రుద్ది, సబ్బునీటితో కడిగి, రాత్రంతా ఆరబెట్టాము. నున్నటి ప్లాస్టిక్ మీద రంగు నిలవదు, గోటితో గీరితే పొరలా లేచి వస్తుంది. గ్యారేజి తలుపు తెరిచి, ముక్కుకు మాస్కు కట్టుకొని, ముందు ప్రైమరు, తరువాత నలుపు పలుచని పూతలుగా కొట్టాము. ఒక్కసారే దట్టంగా కొడితే కారిపోతుంది. ఆ తరువాతదే అసలు చిత్రం. కుంచెను వెండి రంగులో ముంచి గుడ్డకు తుడిచి, ఇక రంగు లేదనిపించినప్పుడు అంచుల మీద తేలికగా రాయాలి. ఏళ్ల తరబడి ఒరలో ఒరుసుకొని అరిగిన ఇనుములా కనబడుతుంది. నీళ్లగా కలిపిన గోధుమ రంగు సందుల్లోకి పోనిచ్చి తుడిస్తే పాత మురికిలా నిలుస్తుంది.

రంగు ఆరేలోపు మావాడు మాకు పాఠం చెప్పాడు. 1977లో విడుదలైన మొదటి సినిమాలో హాన్ సోలో తుపాకిని నిజమైన జర్మనీ మౌజర్ పిస్తోలుతోనే తయారుచేశారట. తెల్ల కవచాల సైనికుల చేతుల్లోవి బ్రిటిషు స్టెర్లింగ్ తుపాకులు. సెట్ అలంకరణ చేసిన రోజర్ క్రిస్టియన్ అటువంటి వాటికి పాత సామాను ముక్కలు అతికించి లోకంలో లేని ఆయుధాలుగా మార్చాడు. వాళ్లు నిజమైన తుపాకులను కల్పిత తుపాకులుగా చేశారు. మేము ఉత్తుత్తి తుపాకిని నిజమైనదానిలా చేస్తున్నాము. ఆ తేడా అప్పుడు మాకు తట్టలేదు.

చివరికి గొట్టం కొన మీద నారింజ మూతి మిగిలింది. వాడు అడగనైనా లేదు. “ఇదొక్కటే అందం చెడగొడుతున్నది” అని మేమే దానికి నల్లరంగు వేసేశాము.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక వాడు వేషం వేసుకొని ఇంటి ముందుకు వెళ్లాడు. పక్కింటి పెద్దావిడ మొక్కలకు నీళ్లు పోస్తున్నారు. పొదల సందున ఒక చేయి, ఆ చేతిలో తుపాకి కనబడేసరికి నీళ్ల గొట్టం వదిలేసి లోపలికి పరుగెత్తారు. కాసేపటికి మాకు ఫోను చేశారు. గొంతు వణుకుతున్నది. “పోలీసులను పిలవబోయాను. మీ అబ్బాయేమోనని ఎందుకో అనిపించి ఆగాను” అన్నారు.

మా కాళ్లలో సత్తువ పోయింది. 2014 నవంబరు 22న ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో, ఒక పార్కులో 12 ఏళ్ల నల్లజాతి బాలుడు ప్లాస్టిక్ గుళ్ల తుపాకితో ఆడుకుంటున్నాడు. దానికి నారింజ మూతి లేదు. చూసినవారు పోలీసులకు ఫోను చేస్తూ, అది బహుశా ఉత్తదే కావచ్చని కూడా చెప్పారు. ఆ మాట అక్కడికి వెళ్లిన పోలీసులకు చేరలేదు. కారు ఆగిన కొద్ది సెకన్లలోనే కాల్చారు. మరునాడు ఆ బిడ్డ చనిపోయాడు.

ఆ మూతి అలంకారం కాదు. బొమ్మ తుపాకులకు స్పష్టమైన గుర్తు ఉండాలని 1988లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. తయారుచేసేవారిని, అమ్మేవారిని ఆ చట్టం కట్టడి చేస్తుంది. కొని తెచ్చాక ఆ గుర్తును కాపాడవలసినది ఇంట్లోని పెద్దలే. మా ఇంట్లో దాన్ని చెరిపింది ఆ పెద్దలే.

వాణ్ణి పిలిచాము. “నేనేం చేశాను? అది బొమ్మేనని దేవునికి తెలుసు గదా” అని ఏడ్చాడు. “నువ్వేమీ చేయలేదు నాన్నా. రంగు వేసింది మేము. మమ్మల్ని క్షమించు” అన్నాము. తల్లిదండ్రుల నోట ఆ మాట వాడు ఎన్నిసార్లు విన్నాడో తలచుకుంటే సిగ్గువేసింది.

అయితే వాడన్న మాట మమ్మల్ని వదలలేదు. మనుష్యులు పైరూపాన్ని చూస్తారని, దేవుడు హృదయాన్ని చూస్తాడని 1 సమూయేలు 16:7లో చదువుతాము. “నా హృదయం దేవునికి తెలుసు, మనుషులతో నాకేమి?” అనడానికి ఈ వచనాన్ని ఎన్నిసార్లో వాడుకున్నాము. కాని పక్కింటి పెద్దావిడ దేవుడు కాదు. ఆమెకు మావాడి హృదయం కనబడదు, చేతిలోది మాత్రమే కనబడుతుంది. మన మనస్సులో కీడు లేకపోతే చాలదు. లేదని ఎదుటివారికి తెలిసేటట్టు నడుచుకోవడం కూడా ప్రేమే. కొత్త ఇల్లు కట్టినవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము 22:8 చెబుతున్నది. ఇంటివాడికి అంచు ఎక్కడో తెలుసు. గోడ ఇతరుల కోసం.

ఆ సాయంత్రమే ముగ్గురమూ వెళ్లి ఆమెను క్షమాపణ అడిగాము. మరునాడు వాడే మూతి చుట్టూ టేపు అంటించి, ప్రకాశమైన నారింజ రంగు వేశాడు. మీరెవరైనా ఇటువంటి పని తలపెడితే, రంగు డబ్బా తెరవకముందే ఆ మూతిని టేపుతో కప్పండి. మూతి ఉన్నా సరే, బయటికి తీసుకువెళ్లేటప్పుడు సంచిలో పెట్టండి. దూరం నుంచి, మసక వెలుతురులో ఆ రంగు కనబడకపోవచ్చు.

పుట్టినరోజు ఇంట్లో ఒక పిల్లవాడు “సినిమాలో ఆ రంగు లేదు గదా” అన్నాడట. “మా వీధిలో ఉంది” అన్నాడట మావాడు.

మన బిడ్డల చేతులను, వారిని చూసే కన్నులను ప్రభువు కాపాడును గాక. ఆమేన్.