ఆకు వాళ్లది, గుడ్డ మనది

1965 ఫిబ్రవరి 15న కెనడావాళ్లు బ్రిటిష్ గుర్తున్న పాత జెండాను దించి, తమ నేలమీద పెరిగే మేపుల్ చెట్టు ఆకును జెండాకెక్కించారు.

మన జెండాలో ఆకు లేదు. ఖద్దరు గుడ్డే గుర్తు. 1921లో బెజవాడలో గాంధీజీకి జెండా నమూనా అందించిన పింగళి వెంకయ్యగారిని జనం 'పత్తి వెంకయ్య' అని కూడా పిలిచారు. పత్తిమీద ఆయన చేసిన పరిశోధన అలాంటిది.

చేత్తో వడికి నేసిన ఖద్దరే వాడాలన్న నియమాన్ని 2021 డిసెంబరు 30న సడలించి, పాలియెస్టరుకీ, మిషను గుడ్డకీ అనుమతిచ్చారు. చౌకైతే జెండా ఇంటింటికీ చేరుతుందంటారు. కాదనను. కానీ గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో పత్తి పండించే ఇళ్ల పిల్లలం మనం! ఖద్దరు వద్దని ఏ నియమమూ అనలేదు కదా? మన కాలేజీ స్తంభంమీద నూలు ఖద్దరు జెండాయే ఎగరాలని యూనియన్ తీర్మానించాలి.