తలక్రిందులుగా సంతకు

మనవారి పెరటికోడికి ఇంట మర్యాదకు లోటులేదు. నూకలు చల్లుదురు, పొద్దు గ్రుంకగానే గంప క్రింద మూయుదురు. సంతకు పోవునాడు మాత్రము కాళ్లు కట్టి సైకిలు హాండిలుకు తలక్రిందులుగా వ్రేలాడదీయుదురు. మనకు రొమ్మును పొట్టను వేరుచేయు కండరపు పొర యున్నది, కోడికి లేదు. తలక్రిందైనప్పుడు లోని అవయవములు గాలితిత్తులపై ఒరిగి దానిని ఊపిరి సలుపనీయవు. అది అరవక ఊరకుండుట శాంతము కాదు, భయము.

ప్రాణికి అనవసరబాధ కలుగునట్లు మోయుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టపు 11వ విభాగము క్రింద నేరము. హోసూరైనను, బళ్ళారియైనను, బరంపురమైనను చట్టమొక్కటే. మొదటి తప్పునకు జరిమానా 10 మొదలు 50 రూపాయలు. దీనికి జడియువారెవరు? కనుక మా మనవి పోలీసులతో కాదు, కోళ్లను పెంచు ఇల్లాండ్రతోనే. రాత్రి మూయు ఆ గంపనే వెల్లకిలా పెట్టి, అడుగున గడ్డి పరచి, పైన వల కట్టినచో నాలుగు కోళ్లు సుఖముగా కూర్చుండి సంత చేరును. ఒక్క కోడికైతే చంక చాలును. కొనువారును వ్రేలాడు కోడిని బేరమాడకుందురు గాక.