బడి గంట మోగింది, మరి సబ్బు ఉన్నదా?



2021 సెప్టెంబర్ 1న మన రాష్ట్రంలో బడులు తిరిగి తెరుచుకున్నాయి. 2020 మార్చి 16న మూతపడిన తరువాత పెద్ద తరగతులు 2021 ఫిబ్రవరిలో మొదలై, మార్చి 24న మళ్లీ ఆగిపోయాయి. ఒకటి నుండి ఐదు తరగతుల పిల్లలు మాత్రం దాదాపు పదిహేడున్నర నెలలు బడి గడప తొక్కనేలేదు. 2020లో ఒకటో తరగతిలో చేరిన బిడ్డ తరగతి గదిని చూడకుండానే రెండో తరగతికి చేరుకున్నది. దూరదర్శన్ యాదగిరి, టీశాట్ పాఠాలు కొంత ఆదుకున్నాయి గాని, పలక పట్టుకోవడం నేర్పే గురువుకు అవి సాటి రావు.

అందుచేత పిల్లలను బడికి పంపవలసిందేనని నా అభిప్రాయం. ప్రత్యక్ష తరగతులకు రమ్మని ఎవరినీ బలవంతపెట్టరాదని హైకోర్టు 2021 ఆగస్టు 31న స్పష్టం చేసింది. కనుక అప్పట్లో నిర్ణయం తల్లిదండ్రులదే. అయితే నిర్ణయానికి ముందు బడిని ఒకసారి మీ కళ్లతో చూసి రండి.

తెరవడానికి ముందు గదులు కడిగించే పనిని ప్రభుత్వం పంచాయతీలకు, పురపాలక సంఘాలకు అప్పగించింది. మంచిదే. కాని శుభ్రత పండుగకు ముందు ఇల్లు అలికినట్లు ఒక్కనాటితో తీరేది కాదు. గొల్లపల్లి వంటి మండలాలలో ఊరి వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులే బడి మరుగుదొడ్లు కూడా కడగాలంటే, అది ప్రతిదినం జరుగుతుందా? ఈ పనికి ప్రతి బడికీ ప్రత్యేకంగా ఒక మనిషి, నెలనెలా కొంత నిధి ఉండాలి. ఆ భారం ఉపాధ్యాయుల మీదనో, పిల్లల మీదనో పడకూడదు. గ్రామసభలో మీరు అడగవలసిన మొదటి మాట ఇదే.

ఇక వైద్యుడిగా నాలుగు మాటలు. కరోనా ప్రధానంగా గాలి ద్వారా, మనిషి నుండి మనిషికి వ్యాపిస్తుంది. బల్లలు తుడవడం అవసరమే గాని, కిటికీలు మూసి ఎంత మందు చల్లినా ఫలితం స్వల్పం. ఖర్చు లేని ఔషధం తెరిచిన కిటికీ. వాన లేని రోజున చెట్టు నీడన పాఠం చెప్పినా మేలే. పిల్లల ఒంటిపై రసాయనాలు ఎన్నడూ చల్లరాదు. కళ్లకు, చర్మానికి హాని. బ్లీచింగ్ పొడిని యాసిడ్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది. కడిగేవారికి ఈ సంగతి తప్పక చెప్పండి.

ఈ వైరస్‌కు కొవ్వు పొర ఉంటుంది. సాధారణ సబ్బు ఆ పొరను చీల్చివేస్తుంది. ఖరీదైన శానిటైజర్ లేదని చింతించనక్కర లేదు. కుళాయిలో నీరు, పక్కన సబ్బు, ఇరవై సెకన్ల ఓపిక చాలు. మధ్యాహ్న భోజనానికి ముందు, మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక పిల్లలందరూ చేతులు కడుక్కోవాలి. వంట చేసేవారికీ ఇదే నియమం. ఈ అలవాటు విరేచనాలను, టైఫాయిడ్‌ను కూడా దూరం ఉంచుతుంది.

 వానాకాలంలో వాడని నీటి ట్యాంకులు, మూలన పడిన టైర్లు, పగిలిన కుండలు డెంగీ దోమకు పుట్టిళ్లు. గుడ్డు నుండి దోమ కావడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది గనుక వారానికొకసారి నిలువ నీటిని పారబోస్తే చాలు. ఆ దోమ కుట్టేది పగటిపూట, అంటే పిల్లలు బడిలో ఉండే వేళ.

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీల పనిలో, బిడ్డ అవ్వ తాతల దగ్గర పెరిగే ఇళ్లు ఎన్నో. పిల్లలకు జబ్బు తేలికగా పోవచ్చు, అవ్వకు పోకపోవచ్చు. కనుక ఇంట్లో అర్హులైన ప్రతి ఒక్కరూ టీకా వేయించుకోండి. బిడ్డకు రోజూ ఉతికిన మాస్కు ఇవ్వండి. స్నేహితులతో మార్చుకోవద్దని చెప్పండి. జ్వరం, దగ్గు ఉంటే ఆ రోజు ఇంట్లోనే ఉంచి పరీక్ష చేయించండి. హాజరు పోతుందని జ్వరంతో పంపడం తోటి బిడ్డలకు ద్రోహం.

రేపు బడికి వెళ్లినప్పుడు మూడు చూడండి: కుళాయి దగ్గర సబ్బు, తెరిచిన కిటికీ, నీళ్లున్న మరుగుదొడ్డి. ఏది లేకపోయినా ప్రధానోపాధ్యాయులను నిందించకండి. వారితో కలిసి సర్పంచ్ వద్దకు వెళ్లండి.