మారని దేవుడు – మారని మాలపేట

మా ఇంట్లో దేవుడు ఒక తుప్పుమేకుకి వేలాడేవాడు.

మట్టిగోడ. గోడకి మేకు. మేకుకి మిషన్ కేలండరు. యేసు బొమ్మ కింద హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం 8వ వచనం. ఆయన ఏ కాలానికైనా ఒక్కలాగే ఉంటాడని దానర్థం. మా అమ్మకి చదువు రాదు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "ఈయన మారనోడురా" అనేది. ఏడాది తిరిగిపోయినా ఆ కేలండరు తీసేది కాదు. తారీఖులు పాతబడతాయి గాని దేవుడు పాతబడతాడేటి అనేది.

మా అయ్య బుగత దగ్గర కంబారి. అమ్మ ఊడ్పులకీ కోతలకీ పోయేది. చోడంబలి తాగి నేను బడికెళ్ళేవాణ్ణి. మా ఊరు అప్పుడు శ్రీకాకుళం జిల్లా, 1979 నుంచి విజయనగరం జిల్లా. తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. జిల్లా మారింది, మండలం మారింది, మాలపేట మాత్రం చెరువుగట్టు అవతలే ఉంది.

మా ప్రాంతానికి కెనడియన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు వచ్చి వందేళ్ళు దాటింది. అంతకంటే ముందే పురుషోత్తమ చౌదరిగారు ఉత్తర సర్కారు జిల్లాల్లో తిరిగి కీర్తనలు కట్టారు. అమ్మకి నోటికొచ్చిన పాటల్లో సగం ఆయనవే. ఆయన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రీస్తులోకి వచ్చినాయన. ఆయన మతం మారితే ఎవరూ ఆయన్ని మాలపేటలో చేర్చలేదు. మేం మతం మారితే ఎవరూ మమ్మల్ని మాలపేటలోంచి తియ్యలేదు.

ఒకసారి బుగతగారి అబ్బాయికి జ్వరం తగ్గలేదు. వైద్యాలయ్యాయి, మొక్కులయ్యాయి. చివరికి బుగతమ్మ మా అమ్మకి కబురెట్టింది, మీ దేవుడికి దణ్ణమెట్టమని. అమ్మ పశువులశాల దగ్గర పేడలో మోకాళ్ళూని ప్రార్థన చేసింది. ప్రార్థన లోపలి గదిలోకి వెళ్ళింది. అమ్మ శాల దాటలేదు. జ్వరం తగ్గాక ఇచ్చిన కుంచెడు బియ్యం కూడా పైనుంచే కొంగులో పోశారు.

1974లో నాకు హాస్టల్లో సీటు కావలసొచ్చింది. దానికి కులం సర్టిఫికెట్ కావాలి. బళ్ళో నా పేరు ముందే పైడితల్లమ్మ పేరు మీద రాయించాడు మా అయ్య. గుళ్ళో నాకు బైబిలు పేరు. రెండు పేర్లకీ ఒకటే కడుపు. విచారణకి తాలూకాఫీసు నుంచి మనిషి వస్తున్నాడని తెలిసి ఆ పొద్దున్నే అమ్మ బైబిలుని చోళ్ళ కుండలో దాచింది. కేలండరు తీసి చాపకింద పెట్టింది. పక్కింటి నుంచి లక్ష్మీదేవి పటం అడిగి తెచ్చి అదే మేకుకి తగిలించింది. పటం చిన్నది, కేలండరు పెద్దది. పొగచూరిన గోడ మీద పటం చుట్టూ తెల్లగా అచ్చు మిగిలిపోయింది.

వచ్చినాయన ఆ అచ్చు చూశాడు. "మీరు కిరస్తానీలేట్రా?" అని నన్నే అడిగాడు.

"కాదు బాబూ" అన్నాను.

పేతురు కోడి కూసేలోగా మూడుసార్లు అబద్ధమాడి బయటికెళ్ళి ఏడ్చాడు. నేను స్కాలర్షిప్పు ఫారం నింపినప్పుడల్లా ఆడాను. ఆ రాత్రి అమ్మ కేలండరు మళ్ళీ తగిలించి దాని ముందు చాలాసేపు కూచుంది. "ఆయనకి తెలదేటిరా, కడుపు కోసమని?" అంది. అది నాతో అందో, ఆయనతో అందో తెలీదు.

ఆ అబద్ధం మా అమ్మది కాదు. దాన్ని మా చేత ఆడించింది చట్టం. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కానివాణ్ణి షెడ్యూల్డు కులంగా చూడొద్దంది. 1956లో సిక్కుల్ని చేర్చారు. 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవ దళితుడూ ముస్లిం దళితుడూ బయటే మిగిలారు. మన రాష్ట్రంలో మమ్మల్ని బీసీ-సి అన్నారు, ఒక్క శాతం విదిల్చారు.

క్రైస్తవంలో కులం లేదు కదా, మరి ఎస్సీ అని ఎందుకడుగుతారని పెద్దమనుషుల వాదం. సిక్కు మతంలో కులముందా? బౌద్ధంలో ఉందా? మత గ్రంథంలో కులం లేకపోతే ఊళ్ళో కులం పోతుందా? సీతంపేట కొండల్లో సవర క్రైస్తవుడైనా ఎస్టీగానే ఉంటాడు, ఉండాలి కూడా. కొండ మీద మతం అడ్డం రాని చట్టానికి మాలపేట కొచ్చేసరికి మతం ఎందుకు అడ్డమొచ్చింది?

2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపారు. మడ్డువలస రిజర్వాయరు కింద సేకరించిన భూమి దగ్గర గొడవ. నరికినవాళ్ళు మీ దేవుడెవరని అడగలేదు. కత్తికి కులమొక్కటే తెలుసు. చట్టం మాత్రం మతం అడుగుతుంది. క్రైస్తవంలోకి మారి దాన్ని పాటించేవాడికి ఎస్సీ హోదా ఉండదనీ, అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడనీ 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. తిట్టినోడికి నేను మాలోణ్ణే. కేసు పెట్టడానికెళ్తే మాలోణ్ణి కాదు!

ప్రభుత్వాలకి ఇదంతా తెలీక కాదు. ఎస్సీ హోదాని మతంతో ముడిపెట్టొద్దని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసింది. కాగితాలు కదిలాయి, మూడో పేరా కదల్లేదు.

ఇక మా వాళ్ళ సంగతి. దేవుడు మారడంటే ఏదీ మారదన్నట్టు బోధించిన పాస్టర్లున్నారు. ఓర్చుకోండి, పరలోకంలో మీకు మేడలున్నాయన్నారు. ఒకే రొట్టె విరిచి తింటాం గాని పెళ్ళి దగ్గరికొచ్చేసరికి మాల మాలే, మాదిగ మాదిగే, రెల్లి రెల్లే. గుళ్ళో పెంచుకున్న కులాన్ని గుళ్ళోనే చంపకపోతే మనం ఢిల్లీని ఏ నోటితో అడుగుతాం?

కాలేజీలో కామ్రేడ్లు నన్ను దేవుణ్ణి వదిలెయ్యమన్నారు. వాళ్ళ కోపం నాకర్థమయింది. కాని మా అమ్మని మొదటిసారి పేరుపెట్టి పిలిచింది ఆ గుడే. ఊరంతా "ఒసే" అన్న మనిషిని అక్కడ "అమ్మా" అన్నారు. అది మత్తుమందు కాదు, మనిషితనం. మిత్రులారా, మా దేవుణ్ణి మేం వదలాలా వద్దా అన్నది మా ఇష్టం. ఆ ఇష్టానికి జరిమానా వేసే చట్టం మీద మీరు మాతో కలిసి రండి.

ఐగుప్తులో బానిసల ఏడుపు విన్న దేవుడే మా దేవుడు. ఆయన మారనివాడైతే ఇప్పటికీ ఆ ఏడుపు వింటూనే ఉండాలి. ఫరో పక్షాన చేరిపోయి ఉండడు. మారనిది ఆయన మాత్రమే అయినప్పుడు మాలపేట మారి తీరాలి. కులాన్ని కూడా మారనిదంటే అది కులాన్ని దేవుడి పక్కన కూచోబెట్టడమే. అంతకు మించిన విగ్రహారాధన లేదు.

అమ్మ పోయింది. ఇల్లు స్లాబయింది. నా కూతురికి ఒకటే పేరు పెట్టాను, గుళ్ళోనూ బళ్ళోనూ అదే. ఆ పేరుతో అది పోగొట్టుకున్న సీటు ఖరీదు నాకు తెలుసు. మూడో పేరా పోయేదాకా అడుగుతూనే ఉంటాం. ఇంటికెవరొచ్చినా కేలండరు మాత్రం తియ్యను.