పాత కంప్యూటర్‌ను భంగార్‌లో వేసేముందు ఒక మాట



మేము చదివింది తమిళ మీడియంలో, చేసింది రైల్వే గుమాస్తా పని. ఇప్పుడు రైలే లేని ఏటపల్లిలో విశ్రాంతి. తెలుగు రాత మాకు ఆలస్యంగా వచ్చింది. తప్పులుంటే మన్నించండి.

వచ్చే సమావేశంలో సంఘానికి కొత్త కంప్యూటర్ కొనే విషయం ఉంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే ఏర్పాటు కావాలి, మన పాతదానిలో అది లేదు. అందుకని కొత్తది కొందామంటున్నారు. మేము వద్దంటున్నాం. అది ఇల్లిల్లూ తిరిగి పోగుచేసిన చందా డబ్బు.

మా ఇంటి కంప్యూటర్‌ను కూడా దుకాణంలో చూసి "భంగార్ అయిపోయింది కాకా" అన్నారు. మా మనవడు 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ తెచ్చాడు. దానికి డబ్బు కట్టక్కర్లేదు. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూశాం. వైఫై, శబ్దం, ప్రింటర్ అన్నీ పనిచేశాకే లోపల ఎక్కించాం. అంతకుముందే ఫోటోలు, పింఛను కాగితాలు వేరే డిస్కులోకి తీసుకున్నాం. ఇది మరవకండి. డిస్కు మొత్తం తుడిచెయ్యాలా అని మధ్యలో అడుగుతుంది, చదవకుండా సరే నొక్కితే పాతవన్నీ పోతాయి. కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి ఇన్వర్టర్ మీద పెట్టి చేశాం.

తర్వాత సెట్టింగుల్లో తెలుగు, తమిళం, మరాఠీ కీబోర్డులు పెట్టుకున్నాం. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో మూడింటికీ 'క' ఒకే మీటపై ఉంటుంది. తమిళంలో ఒక్క 'క'తోనే నాలుగింటి పని నడిపిన మాకు, షిఫ్ట్ నొక్కగానే 'ఖ' వస్తే ముచ్చటేసింది. ఈ పద్ధతి విండోస్‌లోనూ ఉంది, కాని మేము నేర్చుకున్నది ఇప్పుడే.

లినక్స్‌ను 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. దాని మీద మనవాళ్లూ పనిచేశారు. చెన్నైలోని సీడాక్ బాస్ లినక్స్ తయారుచేసింది. హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో ఓఎస్ తెచ్చింది. ఎవరైనా మార్చుకోవచ్చు కాబట్టే ఇది సాధ్యమైంది. ఎవరూ తెలుగు చెయ్యకపోతే మనమే చెయ్యవచ్చు, ఒకరి అనుమతి అడగక్కర్లేదు.

మన పిల్లలు మరాఠీ బడికి వెళ్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని అక్షరం చూసేది ఎక్కడ? సంఘం కంప్యూటర్ తెరిస్తే ఫైళ్ల పేర్లైనా తెలుగులో కనబడనివ్వండి.

ఇబ్బందులు లేవనం. విండోస్‌కే రాసిన కొన్ని ప్రోగ్రాములు ఇందులో నడవవు. లెక్కలు రాసే తమ్ముడికి కొన్నాళ్లు చిరాకు తప్పదు. కాబట్టి ఒక్క నెల చూద్దాం. పని జరగకపోతే కొత్తది కొనండి, మొదటి చందా మేమే ఇస్తాం.

ఆదివారం పెన్‌డ్రైవ్ తీసుకుని సంఘం ఆఫీసుకు వస్తాం. మీరూ రండి.