అడక్కుండా తీసిన కథలు

"అన్ ఆథరైజ్డ్" అనే మాట చూడగానే మనకు రెండు ఆలోచనలు ఒకేసారి వస్తాయి. వాళ్ళను అడక్కుండా వాళ్ళ కథ తీయడమేంటి, తప్పు కదా అనేది ఒకటి. అయితే అసలు సంగతి ఇందులోనే ఉంటుంది, చూద్దాం అనేది రెండోది. రెండూ నిజాయితీగా వచ్చేవే. అందుకే ఈ విషయం కాస్త విడమరిచి మాట్లాడుకుందాం.

బీటిల్స్, లెడ్ జెప్పెలిన్ లాంటి పాత రాక్ బృందాల మీద వీడియో క్యాసెట్లు, డీవీడీల కాలంలో ఇలాంటి డాక్యుమెంటరీలు చాలానే వచ్చాయి. అట్ట మీదే "అనధికారం" అని వేసి అమ్మేవాళ్ళు. వీటికి పాటల హక్కులు దొరకడం కష్టం. అందుకని పాత ఇంటర్వ్యూ ముక్కలు, ఫోటోలు, విమర్శకుల మాటలు, ఒకప్పుడు వాళ్ళ దగ్గర పనిచేసిన వాళ్ళ జ్ఞాపకాలు కలిపి కథ నడిపించేవాళ్ళు. పాటగాళ్ళ కథలో వాళ్ళ పాటే ఉండదన్నమాట! పాటకు యజమాని ఉంటాడు, డబ్బు కట్టాలి. బతుకుకు అలా కట్టాల్సిన పని లేదు.

మన దగ్గరికొస్తే 2019లో జరిగింది గుర్తుందా? ఎన్టీఆర్ గారి జీవితం మీద బాలకృష్ణ గారే నటించి నిర్మించిన "కథానాయకుడు" జనవరిలో, "మహానాయకుడు" ఫిబ్రవరిలో వచ్చాయి. లక్ష్మీపార్వతి గారి అధ్యాయం వాటిలో లేదు. మార్చిలో రామ్‌గోపాల్ వర్మ సరిగ్గా ఆ అధ్యాయమే పట్టుకుని "లక్ష్మీస్ ఎన్టీఆర్" తీశారు. ఎన్నికల సమయం కావడంతో ఆంధ్రలో అది అప్పుడు విడుదల కాలేదు. మనిషి ఒక్కడే, బతుకు ఒక్కటే. ఇంటివాళ్ళ సినిమా ఒక దగ్గర ఆగిపోయింది, బయటివాళ్ళది ఆ తర్వాతి నుంచి మొదలైంది. రెండూ చూసినా మొత్తం మనిషి దొరికాడని నేననుకోను.

ఇంటివాళ్ళు ఒప్పుకుంటే సరిపోతుందా అంటే అదీ లేదు. 2018లో వచ్చిన "మహానటి"కి సావిత్రి గారి కూతురు విజయ చాముండేశ్వరి గారి సహకారం ఉంది. మనమంతా కళ్ళు తుడుచుకుంటూ చూశాం, కీర్తి సురేష్‌కు జాతీయ అవార్డు వచ్చింది. కానీ జెమినీ గణేశన్ గారి మొదటి భార్య కూతురు కమలా సెల్వరాజ్ గారు మా నాన్నను తప్పుగా చూపించారని బాధపడ్డారు. ఒక ఇంటి అనుమతి ఇంకో ఇంటికి చెల్లదు. ఒక్క జీవితంలో ఎన్ని ఇళ్ళ కథలు ముడిపడి ఉంటాయో ఆడవాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

నిజానికి ప్రతి ఇంట్లోనూ రెండు చరిత్రలు ఉంటాయి. పెళ్ళిళ్ళలో, కర్మల్లో పెద్దలు చెప్పేది ఒకటి. చింతపండు కొట్టుకుంటూ, చెనిక్కాయలు ఒలుచుకుంటూ ఆడవాళ్ళు చెప్పుకునేది ఇంకొకటి. మా ఇంట్లో మొదటి రకం కథలో బావి తాత తవ్వించాడు. రెండో రకంలో, బావి కోసం అవ్వ తన కాసులపేరు కుదువపెట్టింది, అది మళ్ళీ మెడలోకి రాలేదు. అవ్వ సంగతి బయటకొచ్చింది ఎవరి అనుమతీ లేకుండా చెప్పుకున్న కథలోనే. అందుకే అడక్కుండా తీసిన ప్రతిదాన్నీ పాపం అనను. ఇంటి పెద్దల్ని అడిగి రాస్తే ఆడవాళ్ళ కష్టం చాలాసార్లు రాయకుండానే మిగిలిపోతుంది.

అయితే వంటింట్లో కథ చెప్పే మనిషికి ఒక భయం ఉండేది. ఎవరి గురించి చెప్పిందో ఆ మనిషి మరుసటి రోజు కుళాయి దగ్గర ఎదురుపడుతుంది, "ఏమక్కా, నా గురించి అట్లా అన్నావంటనే?" అని నిలదీస్తుంది. ఫోన్లో కథ చెప్పేవాడికి ఆ భయం లేదు. సిల్క్ స్మిత గురించి, సౌందర్య గురించి ఎర్రక్షరాల బొమ్మలు పెట్టి "ఎవరికీ తెలియని నిజం" అంటూ వదులుతారు. నిలదీయడానికి వాళ్ళు లేరు. అదే అలవాటు ఇప్పుడు మామూలు ఇళ్ళ ఆడపిల్లల దాకా వచ్చింది. ఒక పిల్ల చనిపోతే సాయంత్రానికి ఆమె ఫోటో, ఊరు, ప్రేమ సంగతి అన్నీ వీడియో అయిపోతున్నాయి. ఆ తల్లిని అడిగిందెవరు?

సుప్రీంకోర్టు 1994లోనే రాజగోపాల్ కేసులో ఒక దారి చెప్పింది. కోర్టు కాగితాల్లాంటి బహిరంగ రికార్డుల్లో ఉన్న సంగతులు అనుమతి లేకుండానే రాయొచ్చు. అది దాటి సొంత జీవితంలోకి పోతే జవాబు చెప్పుకోవాలి. అత్యాచారం, అపహరణ లాంటి వాటికి బలైన ఆడమనిషి పేరు మాత్రం రికార్డుల్లో ఉన్నా బయటపెట్టకూడదని కూడా చెప్పింది. ముప్పై ఏళ్ళ కిందటి మాట. మన చేతిలోని ఫోన్ దాకా ఇంకా రాలేదు.

మా పూతలపట్టుకు కాణిపాకం దగ్గరే. ఆ వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేయడానికి ఇప్పటికీ జనం జంకుతారు. కథ తీసేవాళ్ళను నేను అనుమతి పత్రం అడగను. ఈ సంగతి నీకెవరు చెప్పారు, అవతలివాళ్ళ మాట విన్నావా, ఆ దేవుడి ముందు నిలబడి ఇదే చెప్పగలవా అని అడుగుతాను. మంచి అనధికార డాక్యుమెంటరీ ఈ మూడింటికీ జవాబు ఇవ్వగలదు. చెత్త వీడియో మొదటి ప్రశ్నకే నీళ్ళు నములుతుంది.

మనం చేయగలిగింది చిన్నదే. పేరు చెప్పని "సన్నిహితులు" మాత్రమే మాట్లాడే వీడియోను సగంలో ఆపేద్దాం, వాట్సాప్‌లో అక్కచెల్లెళ్ళకు పంపకుండా ఉందాం. చూసేవాళ్ళు తగ్గితే తీసేవాళ్ళూ తగ్గుతారు. అలాగే మీ ఇంట్లో ఏ అవ్వ కాసులపేరు కథ ఎవరూ చెప్పకుండా ఉండిపోయిందో, అది ఈ వారం మీ పిల్లలకు చెప్పండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీరేమంటారు?